లాగే చక్రాలు, నెట్టే చక్రాలు

ఆగస్టులో చదువు కోసం మిషిగన్ చేరిన కుర్రాడు అక్టోబరు కల్లా పాత కారు కోసం వెతకడం మొదలుపెడతాడు. డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్లలో కార్ల కంపెనీల్లో ఇంజనీర్లుగా పనిచేసేవాళ్లూ తక్కువేమీ కాదు. ఎవరిని అడిగినా మొదట దొరికే సలహా ఒకటే: ఇంజను ముందు చక్రాలను తిప్పే ఫ్రంట్ వీల్ డ్రైవ్ తీసుకో, వెనక చక్రాలను తిప్పే రియర్ వీల్ డ్రైవ్ జోలికి పోకు, మంచులో అడ్డం తిరుగుతుంది. ఈ సలహాలో నిజం ఉంది. ఆ నిజం ఎంత దూరం వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో మాత్రం సలహాతో పాటు ఎవరూ చెప్పరు. ముందు చక్రాల కారు కొనేశాం, ఇక భయం లేదు అనుకునేవాళ్ల కోసమే ఈ లెక్కలన్నీ.

కారును కదిలించేది ఇంజను అనుకుంటాం. ఇంజను చక్రాన్ని తిప్పుతుంది, అంతవరకే దాని పని. టైరు రోడ్డును వెనక్కి తన్నితే రోడ్డు టైరును ముందుకు తోస్తుంది. కారు కదిలేది ఆ తోపుతో. అది ఎంత ఉండగలదన్నది రెండిటి మీద ఆధారపడుతుంది. ఆ చక్రం మీద పడే బరువు ఒకటి, టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు రెండోది. పట్టును ఘర్షణ గుణకం అనే అంకెతో చెబుతారు. ఎండిన తారురోడ్డు మీద అది 0.8 దరిదాపుల్లో ఉంటుంది. వానకు తడిసిన రోడ్డు మీద 0.5, బండ్లు తొక్కి గట్టిపడిన మంచు మీద 0.2 నుంచి 0.3. నున్నగా గడ్డకట్టిన మంచు మీద 0.1, అదే కరగడం మొదలుపెడితే ఇంకా తక్కువ. చలిదేశాల్లో కారు నడపడం గురించిన చర్చలన్నీ ఈ నాలుగు అంకెల చుట్టూ తిరిగేవే.

ఇప్పుడు బరువు సంగతి. 1400 కిలోల కారు తీసుకుందాం. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో ఇంజను, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ అన్నీ బానెట్ కిందే ఉంటాయి. అందువల్ల మొత్తం బరువులో సుమారు 60 శాతం, అంటే 840 కిలోలు, ముందు చక్రాల మీద పడుతుంది. మంచు మీద గుణకం 0.2 అనుకుంటే ఆ రెండు చక్రాలూ కలిసి 168 కిలోల బరువుకు సమానమైన బలంతో కారును లాగగలవు. అంతే బరువున్న రియర్ వీల్ డ్రైవ్ కారులో ఇంజను ముందు, డిఫరెన్షియల్ వెనక ఉంటాయి, బరువును ముందు వెనక చక్రాలు దాదాపు సగం సగంగా పంచుకుంటాయి. వెనక చక్రాలు నెట్టగలిగేది 140 కిలోల బలంతో.

లెక్క ఇక్కడితో పూర్తి కాదు. కారు వేగం అందుకునేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు బరువు కొంత వెనక్కి వాలుతుంది. ఎండిన రోడ్డు మీద ఇది వెనక చక్రాలకు బాగా కలిసివస్తుంది. శక్తిమంతమైన స్పోర్ట్స్ కార్లు ఎక్కువగా వెనక చక్రాలతో నడిచేది ఇందుకే. మంచు మీద అంత జోరుగా వేగం అందుకోవడమే కుదరదు కాబట్టి ఈ వాలు స్వల్పంగానే ఉంటుంది. కారు గురుత్వకేంద్రం నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తులో, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 2.7 మీటర్లు అనుకుని లెక్కవేస్తే, 0.2 గుణకం ఉన్న మంచు రోడ్డు మీద ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు 100 మీటర్లకు 11.5 మీటర్లు లేచే వాలును ఎక్కగలదు. సగం సగం బరువున్న రియర్ వీల్ డ్రైవ్ 10.4 మీటర్లు లేచేదాన్ని. ఆకాశమంత తేడా ఉంటుందని విన్నవాళ్లకు ఈ అంకెలు ఆశ్చర్యం కలిగిస్తాయి. అసలు ఇబ్బంది ఖాళీ పికప్ ట్రక్కుది. దాని వెనక ఇరుసు మీద 40 శాతం బరువే ఉంటుంది, కాబట్టి 8 మీటర్ల దగ్గరే చతికిలపడుతుంది. ఉత్తర రాష్ట్రాల్లో చలికాలం రాగానే పికప్ వెనక తొట్టిలో ఇసుక బస్తాలు వేసుకునే అలవాటు ఈ లెక్కలోంచి పుట్టిందే. ఇంజనే వెనక ఉన్న పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు ఈ బాధ లేదు. వెనక చక్రాల బండే అయినా బరువులో సుమారు 60 శాతం వాటి మీదే ఉండేది గనక మంచులో దానికి గొప్ప పేరు. అంటే చక్రాలు ముందువా వెనకవా అన్నదానికన్నా, ఇంజను తిప్పే చక్రం మీద బరువు ఉందా లేదా అన్నది ముందుగా చూడవలసిన విషయం.

ఇదే లెక్కలోంచి ఇంకో సంగతి బయటపడుతుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి, డిక్కీ నిండా సూట్‌కేసులు పెడితే వెనక ఇరుసు మీద బరువు పెరిగి ముందు చక్రాల వాటా తగ్గుతుంది. ఒంటరిగా వెళ్లినప్పుడు ఎక్కిన వాలే, విమానాశ్రయం నుంచి అమ్మానాన్నలను తీసుకొస్తున్నప్పుడు ఎక్కనని మొరాయించవచ్చు. రియర్ వీల్ డ్రైవ్‌కు అదే సామాను మేలు చేస్తుంది. పాతకాలపు డ్రైవర్లకు ఒక ఉపాయం తెలుసు. ముందు చక్రాల కారు ఎత్తు ఎక్కకపోతే దాన్ని తిప్పి, రివర్స్ గేరులో ఎక్కిస్తారు. అప్పుడు పల్లం వైపు ఉండేవి ముందు చక్రాలు. వాలే బరువంతా వాటి మీదికే వస్తుంది. పై లెక్కలో 11.5 కాస్తా 12.5 అవుతుంది. రోడ్డు మీద వేరే బండ్లు లేనప్పుడు మాత్రమే చేయదగిన పని ఇది.

కదలడం, ఎక్కడం వరకు ఇదీ కథ. మలుపులో ఏమవుతుందన్నది ఇంకా ముఖ్యం. ముందు చక్రాల కారు నిలకడగా ఎందుకుంటుందని అడిగితే చాలామంది ఎడ్లబండిని చూపిస్తారు. ఎద్దులు ముందుండి లాగితే బండి వాటి వెంటే వస్తుంది, అదే వెనక నుంచి తోస్తే పక్కకు తిరుగుతుంది అని. వినడానికి బాగుంటుంది గాని కారుకు ఇది వర్తించదు. కారు మొత్తం ఒకే ఉక్కు పెట్టె. వెనక చక్రాల తోపు ఎప్పుడూ కారు పొడవు వెంబడే పనిచేస్తుంది, కారు తిరిగితే ఆ దిశా దానితోనే తిరుగుతుంది. నెట్టడం ఒక్కటే కారును గిరగిరా తిప్పదు.

అసలు కారణం టైరు పట్టుకు ఉన్న హద్దులో ఉంది. ఒక టైరుకు ఒక క్షణంలో ఉండే పట్టు ఇంతని ఉంటుంది. ముందుకు తోయడానికైనా, ఆపడానికైనా, మలుపులో కారును పక్కకు జారకుండా పట్టి ఉంచడానికైనా ఆ మొత్తంలోంచే వాడుకోవాలి. స్టుట్‌గార్ట్ ఇంజనీరు వూనిబాల్డ్ కామ్ పేరు మీద జర్మన్లు దీన్ని కామ్ వృత్తం అంటారు. యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కి చక్రం ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలుపెడితే ఆ టైరు పట్టంతా అక్కడే ఖర్చయిపోతుంది, పక్కకు పట్టి ఉంచడానికి దాదాపు ఏమీ మిగలదు. అలా ఖర్చయిపోయింది ముందు టైరుదా, వెనక టైరుదా అన్నదాంట్లోనే రెండు రకాల కార్ల స్వభావభేదం అంతా ఉంది.

ముందు చక్రాలు పట్టు కోల్పోతే స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిన్నగా పోతుంది. దీన్ని అండర్‌స్టీర్ అంటారు. రోడ్డు తిరిగిన చోట కారు తిరగకపోవడం భయపెట్టే విషయమే. అయినా అప్పుడు మనిషి సహజంగా చేసే పని, అంటే భయపడి కాలు తీసేయడం, ఇక్కడ దాదాపు సరైన పనే. చక్రాలు గిర్రున తిరగడం ఆగుతుంది, పట్టు తిరిగి వస్తుంది. స్టీరింగ్‌ను ఇంకా ఇంకా తిప్పకుండా కొద్దిగా తిన్నగా తేగలిగితే ఇంకా త్వరగా వస్తుంది. వెనక చక్రాలు పట్టు కోల్పోతే తోక పక్కకు ఊగి కారు అడ్డం తిరుగుతుంది. ఇది ఓవర్‌స్టీర్. ఇక్కడ భయపడి చటుక్కున కాలు తీస్తే బరువు ముందుకు వాలి వెనక చక్రాలు మరింత తేలికవుతాయి. పైగా ఇంజను వాటినే పట్టి ఆపుతుంది. జారుడు పెరుగుతుంది. తోక ఎటు పోతోందో అటే స్టీరింగ్ తిప్పి, కాలును మెల్లగా సడలించాలి. నేర్చుకోవచ్చు, చలిదేశాల్లో లక్షలమంది నేర్చుకున్నారు. కానీ హైదరాబాదులోనో విజయవాడలోనో లైసెన్సు తెచ్చుకుని, జీవితంలో మొదటిసారి మంచు చూస్తున్న మనిషికి ఆ అర సెకనులో ఇదంతా గుర్తుకు రావాలని ఆశించడం న్యాయం కాదు. ఫ్రంట్ వీల్ డ్రైవ్ పక్షాన ఉన్న బలమైన వాదన నా దృష్టిలో ఇదే. ఎక్కువ పట్టు ఇవ్వడం దాని గొప్ప కాదు, పట్టు పోయినప్పుడు అనుభవం లేని మనిషిని మన్నించడం దాని గొప్ప.

చరిత్ర చూస్తే ముందు చక్రాల కారు మంచు కోసం పుట్టలేదు. ఒకే చక్రం ఇటు ఇంజను శక్తి అందుకోవాలి, అటు స్టీరింగ్‌తో పాటు తిరగాలి. పాత రకం కీళ్లు ఎక్కువ కోణంలో తిరిగితే చక్రం ఒక్కో చుట్టులో ఆగుతూ దూకుతూ తిరిగేది. ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ రెప్పా 1920లలో రూపొందించిన బంతుల కీలు ఈ చిక్కును విప్పింది. 1934లో ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ ట్రాక్షన్ అవాన్ వచ్చింది. 1956 సూయెజ్ సంక్షోభంలో పెట్రోలు కరువై, చిన్న కారు కావాలని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అడిగితే అలెక్ ఇసిగోనిస్ ఇంజనును అడ్డంగా పెట్టి, చక్రాలను నాలుగు మూలలకూ జరిపి, మూడు మీటర్ల పొడవులో నలుగురు కూర్చునే మినీని 1959లో తెచ్చాడు. వెనక్కి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ లేదు కాబట్టి మధ్యలో గూడు అక్కర్లేదు, లోపల చోటు మిగిలింది. మన దగ్గర అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వెనక చక్రాల బళ్లు. 1983లో మారుతి 800తో అడ్డంగా పెట్టిన ఇంజను, ముందు చక్రాలు మన వీధుల్లోకి వచ్చాయి. మంచు ఊసే లేని ఊళ్లలో అది గెలిచింది చోటు, బరువు, మైలేజీలతోనే.

మంచులో దాని సత్తాను లోకానికి చూపించినవి ర్యాలీలు. స్వీడన్‌లో విమానాలు చేసే సాబ్ కంపెనీ 1949లో తెచ్చిన సాబ్ 92 ముందు చక్రాల కారు. దాని తమ్ముడు సాబ్ 96తో ఎరిక్ కార్ల్‌సన్ 1962, 1963లలో మోంటే కార్లో ర్యాలీ గెలిచాడు. చిన్న మినీ కూపర్ 1964లో, 1965లో, 1967లో అదే ర్యాలీ గెలిచింది. 1965లో టిమో మాకినెన్ గెలిచినప్పటి హిమపాతాన్ని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఈ ఉత్తర ఐరోపా డ్రైవర్లు కుడికాలు యాక్సిలరేటర్ మీద ఉంచి, ఎడమకాలితో బ్రేకు తాకుతూ, ముందు చక్రాల కారు తోకను కావాలనే వదులు చేసి మలుపు తిప్పేవాళ్లు. తిన్నగా పోతానని మొండికేసే కారును లొంగదీసే విద్య అది.

అదే స్వీడన్‌లో, అవే రోడ్ల మీద, అదే కాలంలో జనం కొన్న వోల్వోలు ఎక్కువగా వెనక చక్రాలవే. అమెజాన్ మోడల్, ఆ తర్వాత 1974 నుంచి 1993 దాకా తయారైన 240 మోడల్, రెండూ రియర్ వీల్ డ్రైవ్ కార్లు. ఆరు నెలల చలికాలంలో పిల్లలను బడికి, పెద్దలను ఆసుపత్రికి చేర్చింది ఈ కార్లే. 1970ల చివరి దాకా అమెరికాలో కూడా దాదాపు అందరూ వెనక చక్రాల కార్లే నడిపారు, మినెసోటాలోనూ మిషిగన్‌లోనూ. వాళ్లను నడిపించింది టైర్లు.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఏ చక్రాలకు ఇంజను కలిపినా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఎండిన రోడ్డు మీద బ్రేకు వేశాక సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. గుణకం 0.2 ఉన్న మంచు మీద 49 మీటర్లు, 0.1 ఉన్న గడ్డ మీద 98 మీటర్లు. ఈ దూరం ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కూ రియర్ వీల్ డ్రైవ్‌కూ ఒకటే. ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే ఆల్ వీల్ డ్రైవ్‌కూ అదే. పై లెక్కలో ఆల్ వీల్ డ్రైవ్ కారు 20 మీటర్లు లేచే వాలును ఎక్కేస్తుంది. తక్కినవాటికి దాదాపు రెట్టింపు. బయల్దేరేటప్పుడు చక్రం జారదు, సిగ్నల్ దగ్గర అందరికన్నా ముందు కదులుతుంది. రోడ్డు ఎంత జారుగా ఉందో డ్రైవరుకు తెలియజేసే మొదటి హెచ్చరిక అలా మాయమవుతుంది. వేగం అందుకోవడం ఎంత తేలికయిందో ఆపడం కూడా అంతే తేలిక అనుకుంటాడు. మంచు తుఫాను మర్నాడు హైవే పక్క కాలవలో పెద్ద పెద్ద ఎస్‌యూవీలు పడి ఉండటం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

మరి పట్టును పెంచేది ఏది? రబ్బరు చలికి బిగుసుకుంటుంది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే వేసవి టైరు గట్టిపడి రోడ్డు గరుకును అంటుకోలేదు. చలికాలం టైరు రబ్బరు మిశ్రమాన్ని సున్నాకు చాలా దిగువన కూడా మెత్తగా ఉండేలా తయారుచేస్తారు. దాని మీద కత్తితో గీసినట్టు వందల సన్నని చీలికలు ఉంటాయి. వాటి అంచులు మంచును కరిచిపట్టుకుంటాయి. వెడల్పాటి గాళ్లలో మంచు ఇరుక్కుంటుంది, ఇరుక్కోవాలి కూడా, ఎందుకంటే మంచుకు మంచే బాగా అంటుకుంటుంది. ఫిన్లాండ్‌లో ఇప్పుడు నోకియన్ అని పిలిచే టైర్ల కంపెనీ 1934లోనే లారీల కోసం ఇలాంటి టైరు చేసింది. కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచురేకు గుర్తు ఉందో లేదో చూడాలి. మంచు మీద పరీక్షలో నెగ్గిన టైరుకే ఆ గుర్తు వేస్తారు. ఎమ్ ప్లస్ ఎస్ అని మాత్రమే ఉంటే గాళ్ల ఆకారం సరిపోయిందని అర్థం, అంతకుమించి ఏమీ కాదు.

మంచి టైరు గుణకాన్ని 0.2 నుంచి 0.3కి పెంచిందనుకుందాం. ఆగే దూరం 49 మీటర్ల నుంచి 33కి తగ్గుతుంది. వెనక చక్రాల కారు ఎక్కగలిగే వాలు 10.4 నుంచి 16 మీటర్లకు పెరుగుతుంది. అంటే చలికాలం టైర్లు వేసిన రియర్ వీల్ డ్రైవ్ కారు, మామూలు టైర్లతో ఉన్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారును ఎక్కడంలో, ఆగడంలో, మలుపులో, మూడింటిలోనూ దాటిపోతుంది. చక్రాల గొడవలో రెండు పక్షాల మధ్య ఉన్న తేడా ఒక మీటరు. టైర్ల మధ్య తేడా ఐదారు మీటర్లు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రం చలికాలం టైర్లను చట్టంతో తప్పనిసరి చేసింది, ఏ చక్రాల కారు కొనాలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. సరైన చోట వేలు పెట్టింది.

డబ్బు మిగుల్చుకోవడానికి ముందు చక్రాల కారుకు రెండే చలికాలం టైర్లు కొని ముందు వేయించుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. ముందు పట్టు పెరిగి వెనక పట్టు అలాగే ఉంటే, బ్రేకు వేసిన మలుపులో ముందు భాగం తిరుగుతుంది, తోక జారిపోతుంది. నిలకడ కోసం కొన్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకు చేజేతులా ఓవర్‌స్టీర్ కొనిచ్చినట్టే. వేస్తే నాలుగూ వేయాలి. పాత కారు కొంటున్న విద్యార్థి ఇంకొకటి కూడా చూసుకోవాలి. కారు తిరిగే తీరును సెన్సర్లతో గమనించి, జారుతున్నప్పుడు ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి సరిదిద్దే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అమెరికాలో 2012 మోడల్ నుంచి అన్ని కార్లకూ తప్పనిసరి. అంతకు ముందు కార్లలో కొన్నిటికి ఉంది, కొన్నిటికి లేదు. అది ఉన్న రియర్ వీల్ డ్రైవ్ కారు, తాతల కాలంలో తోక ఊపిన కారు ఒకటి కాదు.

రోడ్డు కూడా రోజంతా ఒకేలా ఉండదు. మంచుగడ్డ పైపొర గడ్డకట్టే ఉష్ణోగ్రతకు దిగువన కూడా నీటిలా ప్రవర్తిస్తుందని 1850లోనే మైకేల్ ఫారడే సూచించాడు. టైరుకు అతి ప్రమాదకరమైన గడ్డ సున్నా దగ్గర ఉండేది. మైనస్ 20లో కరకరలాడే మంచు మీద పట్టు అంతకన్నా నయం. ఒళ్లు గడ్డకట్టే రోజు కంటే, చలి కాస్త తగ్గింది అనిపించే సాయంత్రం ఎక్కువ జాగ్రత్త కావాలన్నమాట. రోడ్ల మీద చల్లే ఉప్పు సుమారు మైనస్ 9 వరకే బాగా పనిచేస్తుంది. ఆ ఉప్పును తవ్వే గనుల్లో ఒకటి డెట్రాయిట్ నగరం కిందే, సుమారు 350 మీటర్ల లోతున ఉంది. వంతెనలకు కిందా పైనా చల్లగాలి తగులుతుంది కాబట్టి పక్కనున్న రోడ్డు కన్నా ముందు అవే గడ్డకడతాయి.

ఈ పాత వాదన ఎలక్ట్రిక్ కార్లతో మళ్లీ కొత్తదైంది. వోల్వో 1998లో చివరి వెనక చక్రాల కారు చేసి మానేసింది. 2023లో ఒకే మోటారున్న ఎక్స్‌సీ40, సీ40 కార్లలో మోటారును ముందు నుంచి వెనకకు మార్చింది. బానెట్ కింద బరువైన ఇంజను లేదు, బ్యాటరీ నేల పొడవునా పరిచి ఉంటుంది, కాబట్టి వెనక చక్రాల మీద చాలినంత బరువు ఉంది. పెట్రోలు ఇంజను శక్తి తగ్గించడానికి పట్టే సమయంలో చిన్న భాగం చాలు, ఎలక్ట్రిక్ మోటారు జారుతున్న చక్రాన్ని అదుపులోకి తేవడానికి. వెనక చక్రాల కారు మీద ఉన్న పాత ఫిర్యాదులు చాలావరకు ఇలా తీరాయి.

ఒక కొత్త చిక్కు వచ్చింది. ఎలక్ట్రిక్ కారులో యాక్సిలరేటర్ వదలగానే మోటారు జనరేటరుగా మారి, కారును ఆపుతూ బ్యాటరీని నింపుతుంది. వెనక మోటారు మాత్రమే ఉన్న కారులో ఈ ఆపే బలం వెనక చక్రాల మీదే పడుతుంది. మంచు మలుపులో అది తోకను జార్చగలదు. గడ్డకట్టే చలిలో బ్యాటరీ పెద్దగా ఛార్జి తీసుకోలేదు కాబట్టి, ఉదయం ఇంటి వీధిలో కాలు తీస్తే కారు దాదాపు స్వేచ్ఛగా దొర్లవచ్చు. కొంతదూరం పోయి బ్యాటరీ వేడెక్కాక ఆ బ్రేకు తిరిగి వస్తుంది. హైవే నుంచి దిగే వంపులో అదే కాలు అదే తీరున తీసినా, ఈసారి వెనక చక్రాలు బిగుస్తాయి. దాన్ని తగ్గించుకునే సెట్టింగు ఉన్న కార్లలో మంచు రోజున ఆ పని గ్యారేజీలోంచి బయటికి రాకముందే చేసుకోవాలి.